క్లాసు ర్యాంకు చివర్లో చూడండి: కాలేజీ ఫుట్‌బాల్ రిక్రూటింగ్ చదివే పద్ధతి

డిసెంబర్ మొదటి బుధవారం పొద్దున టెక్సస్‌లో ఏ ఆఫీసుకు వెళ్ళినా సగం మంది పని చేస్తున్నట్టు నటిస్తూ ఫోన్ చూసుకుంటుంటారు. ఆ రోజు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే హైస్కూల్ సీనియర్లు జిమ్‌లో ఓ బల్ల ముందు కూర్చుంటారు. బల్ల మీద నాలుగు కాలేజీల టోపీలుంటాయి. కుర్రాడు తాను చేరబోయే కాలేజీ టోపీ తీసి తల మీద పెట్టుకుంటాడు. అంతే, ఒక ఊరు పండగ చేసుకుంటుంది, మూడు ఊళ్ళు మొహం వేలాడేస్తాయి. దీన్ని సైనింగ్ డే, అంటే సంతకాల రోజు, అంటారు.

నేను గుంటూరు నుంచి కాలేజ్ స్టేషన్‌కి ఎమ్మెస్‌కి వచ్చి, చదువుతో పాటు అక్కడి టెక్సస్ ఎ అండ్ ఎం టీమ్ పిచ్చి కూడా అంటించుకున్నాను. ఇప్పుడు డాలస్‌కి ఉత్తరాన ఉంటున్నాను. మా బావమరిది ఆస్టిన్‌లో చదివాడు కాబట్టి వాడిది లాంగ్‌హార్న్స్ పార్టీ, అంటే మా టీమ్‌కి బద్ధ ప్రత్యర్థి అయిన టెక్సస్ యూనివర్సిటీ టీమ్. ఇంట్లో థ్యాంక్స్‌గివింగ్ వారం ప్రశాంతంగా గడవదు. కొత్తగా వచ్చిన మనవాళ్ళు "ఈ ఫైవ్ స్టార్, కమిట్, పోర్టల్ గోలేంటన్నా?" అని అడుగుతుంటారు. ఆట నియమాలు కాస్త తెలిసి, కాలేజీలు హైస్కూల్ ఆటగాళ్ళని చేర్చుకునే ఈ రిక్రూటింగ్ మాత్రం అంతుపట్టని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఐపీఎల్ వేలం చూసిన కళ్ళతో దీన్ని చూస్తే ఏమీ అర్థం కాదు. అక్కడ ఫ్రాంచైజీ పాడుకుంటుంది, ఆటగాడు వెళ్తాడు. ఇక్కడ ఎంచుకునేది కుర్రాడు, బతిమాలేది కోచ్. ఏడాదికి కోటి డాలర్లు, ఒక్కోసారి అంతకు మించి జీతం తీసుకునే హెడ్ కోచ్ వచ్చి, పదిహేడేళ్ళ వాడి ఇంట్లో సోఫా మీద కూర్చుని, వాళ్ళమ్మ చేసిన వంట మెచ్చుకుంటాడు. చాలా ఇళ్ళల్లో ఆఖరి మాట ఆ అమ్మదే.

ఏడాది ఎలా నడుస్తుంది

ఒక "క్లాసు" అంటే ఒకే ఏడాది హైస్కూల్ పూర్తి చేసి కాలేజీలో చేరే బ్యాచ్. 2026 క్లాసు అంటే 2026 సీజన్‌కి చేరేవాళ్ళు. కానీ పని రెండు మూడేళ్ళ ముందే మొదలవుతుంది. బాగా ఆడే కుర్రాడికి తొమ్మిదో, పదో తరగతిలోనే నోటిమాటగా ఆఫర్లు వస్తాయి. పదకొండో తరగతి మొదలయ్యే సరికి కోచ్‌లు నేరుగా మెసేజ్‌లు పంపొచ్చు. పన్నెండో తరగతి మొదలయ్యే ఆగస్టు 1 దాకా ఆఫర్ కాగితం మీదకు రాకూడదు. అంతవరకూ నడిచేదంతా మాట మీదే.

క్యాలెండర్‌ని కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ముక్కలుగా కోసిపెట్టింది. కొన్ని వారాలు కోచ్ ఇంటికి రావచ్చు. కొన్ని వారాలు స్కూల్‌కి వచ్చి చూసి పోవడమే. డెడ్ పీరియడ్‌లో ఎదురుపడి మాట్లాడకూడదు, ఫోన్ మాత్రం చేసుకోవచ్చు. ఇవన్నీ బట్టీ పట్టక్కర్లేదు. మీరు గుర్తుంచుకోవాల్సింది జూన్ నెల. ఆఫిషియల్ విజిట్లు, అంటే కాలేజీ తన ఖర్చుతో కుర్రాణ్ణీ తల్లిదండ్రులనూ పిలిపించుకుని రెండు రోజులు అతిథి మర్యాదలు చేసేవి, ఎక్కువగా అప్పుడే జరుగుతాయి. జూన్ చివరి నుంచి జూలై దాకా కమిట్‌మెంట్లు వరసపెట్టి వస్తాయి. ఏ కుర్రాడు చివరి విజిట్ ఎక్కడ పెట్టుకున్నాడో చూస్తే సగం కథ తెలిసిపోతుంది.

"కమిట్" అంటే మాట ఇచ్చాడు, అంతే. సంతకం కాదు. ఆ మాట మార్చుకుని వేరే కాలేజీకి పోతే "ఫ్లిప్" అంటారు. 2025 క్లాసులో నంబర్ వన్ అయిన మిషిగన్ కుర్రాడు, క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపి, బంతి విసిరేవాడు) బ్రైస్ అండర్‌వుడ్, నెలల తరబడి ఎల్‌ఎస్‌యూకి (లూయిజియానా స్టేట్) కమిట్ అయి ఉండి, సంతకాలకు రెండు వారాల ముందు సొంత రాష్ట్రంలోని మిషిగన్‌కి మారాడు. 2021 డిసెంబర్‌లో ట్రావిస్ హంటర్ అనే ఐదు స్టార్ల కుర్రాడైతే సంతకం రోజునే ఫ్లోరిడా స్టేట్‌ని వదిలి జాక్సన్ స్టేట్ అనే చిన్న కాలేజీకి వెళ్ళి దేశాన్ని నోరెళ్ళబెట్టించాడు. కాబట్టి జూలైలో మీ టీమ్‌కి వచ్చిన కమిట్‌మెంట్ చూసి స్వీట్లు పంచకండి.

ఒకప్పుడు సంతకాలంటే ఫిబ్రవరి మొదటి బుధవారమే. 2017లో డిసెంబర్ విడత మొదలైంది. ఇప్పుడు పెద్ద కాలేజీల్లో చాలామంది డిసెంబర్‌లోనే సంతకం పెట్టేస్తున్నారు, ఫిబ్రవరి మిగిలినవాళ్ళకి మిగిలింది. దశాబ్దాలుగా ఉన్న "లెటర్ ఆఫ్ ఇంటెంట్" అనే కాగితాన్ని 2024లో తీసేశారు. ఇప్పుడు సంతకం పెట్టేది స్కాలర్‌షిప్ ఒప్పందం మీద.

డబ్బు సంగతి

2021 జూలై నుంచి ఆటగాళ్ళు తమ పేరు, ఫొటో వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చు. దీన్నే ఎన్‌ఐఎల్ అంటారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్‌తో (హౌస్ అనే ఆటగాడి పేరు మీద నడిచిన కేసులో కుదిరిన రాజీ) కాలేజీలే నేరుగా ఆటగాళ్ళకి ఆదాయంలో వాటా ఇవ్వడం మొదలైంది. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి అన్ని ఆటలకూ కలిపి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతుంది. అదే సెటిల్‌మెంట్‌తో 85 స్కాలర్‌షిప్పుల పాత లెక్క పోయి, టీమ్‌లో మొత్తం 105 మంది అనే లెక్క వచ్చింది.

ఫలానా కుర్రాడికి ఇంత ఇచ్చారట అనే అంకెలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. వాటిని నేను అసలు పట్టించుకోను. ఏజెంట్ చెప్పే అంకె వేరు, కాలేజీ చెప్పే అంకె వేరు, చేతికొచ్చేది ఇంకోటి. క్లాసు ఎలా ఉందో తేల్చడానికి ఆ అంకెలు పనికిరావు.

స్టార్లు ఎవరిస్తారు, ఎంత నమ్మాలి

247స్పోర్ట్స్, రైవల్స్, ఈఎస్‌పీఎన్ లాంటి సంస్థలు కుర్రాళ్ళని క్యాంపుల్లో, మ్యాచ్‌ల్లో, వీడియోల్లో చూసి రేటింగ్ ఇస్తాయి. రెండు నుంచి ఐదు స్టార్ల దాకా ఉంటుంది. ఐదు స్టార్లంటే దేశం మొత్తం మీద ఏడాదికి ముప్పై మంది చిల్లర. ఈ ముప్పై ఎందుకంటే, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కాలేజీ ఆటగాళ్ళని ఏరుకునే డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఎంపికలు 32. "వీడు మూడు నాలుగేళ్ళలో ఫస్ట్ రౌండ్‌లో పోతాడు" అని వాళ్ళు పందెం కాస్తున్నారన్నమాట. నాలుగు స్టార్ల వాళ్ళు కొన్ని వందల మంది. మూడు స్టార్ల వాళ్ళు వేలల్లో ఉంటారు. ఒక్కో సంస్థ రేటింగ్‌ని కాకుండా అన్నిటినీ కలిపిన కాంపోజిట్‌ని చూడండి, ఒకరి మోజు ఇంకొకరి చిన్నచూపుతో సరిపోతుంది.

"ప్యాట్రిక్ మహోమ్స్ మూడు స్టార్లే కదా బావా" అని మా బావమరిది ప్రతి ఏడాదీ అంటాడు. నిజమే. తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పెద్ద స్టార్ క్వార్టర్‌బ్యాక్ అయిన, తూర్పు టెక్సస్‌లోని వైట్‌హౌస్ అనే ఊరి నుంచి వచ్చిన ఆ కుర్రాడికి టెక్సస్ టెక్, హ్యూస్టన్, రైస్ తప్ప ఎవరూ ఆఫర్ ఇవ్వలేదు. కానీ మూడు స్టార్ల వాళ్ళు వేలల్లో ఉంటే అందులోంచి ఒక మహోమ్స్ రావడం వింత కాదు. ముప్పై మంది ఐదు స్టార్ల వాళ్ళలో ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళేవాళ్ళ శాతం ఎంతో, ఆ వేలల్లో ఎంతో పోల్చాలి. అప్పుడు స్టార్లకి విలువుందని ఒప్పుకోక తప్పదు. బడ్ ఎలియట్ అనే విశ్లేషకుడు తీసిన "బ్లూ చిప్ రేషియో" చెప్పేదీ ఇదే. వరసగా నాలుగు క్లాసుల్లో చేరినవాళ్ళలో సగం కంటే ఎక్కువ మంది నాలుగు, ఐదు స్టార్ల వాళ్ళయితేనే జాతీయ టైటిల్ గురించి మాట్లాడాలని ఆయన లెక్క. ఆటగాళ్ళు కాలేజీ మారే పోర్టల్ వచ్చాక ఇది మునుపంత గట్టిగా నిలబడకపోవచ్చుగానీ, మీ టీమ్ ఏ వర్గంలో ఉందో చూసుకోవడానికి ఇప్పటికీ ఇంతకన్నా తేలికైన కొలత లేదు.

టీమ్ ర్యాంకులో ఒక మెలిక ఉంది. 247 లెక్కలో క్లాసులో అందరికన్నా మేటి వాడికి పూర్తి పాయింట్లు, తర్వాతి వాళ్ళకి కొంచెం కొంచెం తగ్గుతూ పోతాయి. అయినా మనుషులు పెరిగేకొద్దీ మొత్తం పెరుగుతూనే ఉంటుంది. అందుకే ముప్పై మందిని తీసుకున్న టీమ్, పద్దెనిమిది మందిని తీసుకున్న టీమ్ కన్నా పైన కనబడొచ్చు. ర్యాంకు పక్కనే సగటు రేటింగ్ అని చిన్న అంకె ఉంటుంది. కన్ను ముందు దాని మీద పెట్టండి.

క్లాసుని చూసే వరస

మొదట ఈ క్లాసుని పక్కన పెట్టి, మీ టీమ్ రోస్టర్, అంటే ఆటగాళ్ళ జాబితా, తెరవండి. వచ్చే ఏడాది ఎవరు వెళ్ళిపోతున్నారు? సీనియర్లు, డ్రాఫ్ట్‌కి పోయే జూనియర్లు, పోర్టల్ వైపు చూస్తున్న రిజర్వు ఆటగాళ్ళు. కాగితం మీద పొజిషన్ల వారీగా ఖాళీలు రాసుకోండి. ఆ తర్వాత క్లాసు చూడండి. డిఫెన్స్‌లో లైన్‌బ్యాకర్లు ఇద్దరే మిగిలిన టీమ్, పాస్‌లు అందుకునే రిసీవర్లని ఐదుగురిని తీసుకుని ర్యాంకు పెంచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. రిసీవర్లు టీవీలో బావుంటారు, అదొక్కటే కారణం.

రెండోది లైన్లు. నా మట్టుకు నాకు క్లాసంటే సగం ఇదే. క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడుతూ పరుగుకి దారి చేసే ఒఫెన్సివ్ లైన్‌లో ఒకేసారి ఐదుగురు ఆడతారు, పైగా దెబ్బలు ఎక్కువ, కాబట్టి ఏటా నలుగురైదుగురు రావాలి. ఒక్క ఏడాది ఇద్దరితో సరిపెట్టుకుంటే ఆ కన్నం అప్పుడు కనబడదు. మూడేళ్ళ తర్వాత నవంబర్‌లో, ఎముకలు కొరికే చలిలో, థర్డ్ అండ్ వన్‌లో, అంటే మూడో ప్రయత్నంలో కావాల్సిన ఒక్క గజం కూడా రానప్పుడు కనబడుతుంది. ఈ పొజిషన్‌లో కుర్రాడు చేరగానే ఆడేయడం అరుదు. 280 పౌండ్లతో వచ్చినవాడు జిమ్‌లో రెండేళ్ళు గడిపి 310 అయ్యాకే పనికొస్తాడు. అందుకని లైన్‌మన్ విషయంలో ఇప్పటి బరువు కన్నా ఎత్తు, చేతుల పొడవు, పాదాల కదలిక ముఖ్యం. కుస్తీ పట్టినవాడూ, షాట్‌పుట్ వేసినవాడూ అయితే నేను ఒక స్టార్ కలిపి చూస్తాను. డిఫెన్సివ్ లైన్ సంగతి వేరు. మూడు వందల పౌండ్ల మనిషై ఉండీ చురుగ్గా కదిలేవాళ్ళు దేశంలోనే తక్కువ. అలాంటివాణ్ణి ఒక్కణ్ణి పట్టినా ఆ క్లాసు పాసైనట్టే.

క్వార్టర్‌బ్యాక్ ఏటా ఒకడుంటే చాలు, కానీ ఉండి తీరాలి. వాడు ఎప్పుడు ఆడతాడన్నది వేరే ప్రశ్న. 2023 క్లాసులో దేశమంతా వెంటపడ్డ ఆర్చ్ మ్యానింగ్ టెక్సస్‌లో క్విన్ యూవర్స్ వెనక రెండేళ్ళు కూర్చుని 2025లో పగ్గాలు అందుకున్నాడు. ఈ రోజుల్లో అంత ఓపిక అరుదు. రిసీవర్లు, కార్నర్లు, రన్నింగ్ బ్యాక్‌లు మొదటి ఏడాదే ఆడగలరు, కాబట్టి అక్కడ ఫలితం తొందరగా ఆశించొచ్చు.

ఆ తర్వాత ఆఫర్ల జాబితా. ఒక కాలేజీ పాతిక సీట్ల కోసం రెండు మూడు వందల మందికి ఆఫర్లు ఇస్తుంది. అందులో చాలావరకు "ఇప్పుడే కమిట్ అవుతానంటే ఆగమంటాం" బాపతు. కాబట్టి ముప్పై ఆఫర్లున్నాయనే ప్రచారం చూసి మురిసిపోవద్దు. చివరి నెలల్లో ఏ కాలేజీలు ఆ కుర్రాడి కోసం నిజంగా పోరాడాయో, ఎవరి దగ్గరికి ఆఫిషియల్ విజిట్ వెళ్ళాడో చూడండి. జార్జియా, ఒహాయో స్టేట్ లాంటి పెద్ద టీమ్‌ల కోచ్‌లు నవంబర్‌లో కూడా ఒక మూడు స్టార్ల వాడి స్కూల్‌కి వస్తున్నారంటే వాడి రేటింగ్ తప్పు. కోచ్‌ల ఉద్యోగం దీని మీద ఉంది, రేటింగ్ ఇచ్చేవాళ్ళది కాదు. నవంబర్‌లో హఠాత్తుగా వచ్చిన ఆఫర్‌కి రెండు అర్థాలుంటాయి: సీనియర్ సీజన్‌లో కుర్రాడు ఎదిగాడు, లేదా వీళ్ళకి కావాల్సినవాడు చేజారాడు. ఏదో తెలియాలంటే వీడియో చూడాలి.

వీడియోలు హడల్ అనే వెబ్‌సైట్‌లో ఉంటాయి. హైలైట్ వీడియోలో అందరూ సూపర్ స్టార్లే, అది సొంతంగా కత్తిరించుకున్నది. దొరికితే పూర్తి మ్యాచ్ చూడండి. ఎదురు టీమ్ ఎంత గట్టిదో చూడండి. టెక్సస్‌లో 6ఎ స్థాయిలో (అన్నిటికన్నా పెద్ద స్కూళ్ళ విభాగం) డంకన్‌విల్, నార్త్ షోర్ లాంటి స్కూళ్ళ మీద ఆడినవాడికీ, ఎదురుగా సగం సైజు పిల్లలున్న మ్యాచ్‌లో విజృంభించినవాడికీ తేడా ఉంది. బంతి తన వైపు రానప్పుడు ఏం చేస్తున్నాడన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం. మా అమ్మాయి మార్చింగ్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది కాబట్టి శుక్రవారం రాత్రులు నేను ఎలాగూ స్టేడియంలోనే ఉంటాను. హాఫ్ టైమ్ ముందూ వెనకా చేసే పని లైన్‌మన్లని చూడటమే. (మన తెలుగు పిల్లలు మైదానంలో కన్నా బ్యాండ్‌లోనే ఎక్కువ కనబడతారు. అప్పుడప్పుడు ఒక కిక్కర్ తగులుతాడు.) 6ఎ స్టేట్ ఫైనల్స్ డిసెంబర్‌లో ఆర్లింగ్టన్‌లోని ఏటీ అండ్ టీ స్టేడియంలో జరుగుతాయి. డాలస్ చుట్టుపక్కల ఉంటే ఒక్కసారైనా వెళ్ళండి, ముందు ముందు టీవీలో కనబడబోయేవాళ్ళని దగ్గర నుంచి చూసినట్టుంటుంది.

వీడియోకీ ఒక హద్దుంది. హ్యూస్టన్‌కి దక్షిణాన వెస్ట్ కొలంబియాలో క్యామ్ వార్డ్ అనే క్వార్టర్‌బ్యాక్ ఉండేవాడు. వాళ్ళ హైస్కూల్ టీమ్ పాస్‌లే అరుదుగా వేసేది, ఎప్పుడూ బంతి పట్టుకుని పరుగే. అందుకని వీడియోలో చూపించడానికేమీ లేదు, స్టార్లూ రాలేదు. శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న కాలేజీ తీసుకుంది. అక్కడి నుంచి వాషింగ్టన్ స్టేట్, అక్కడి నుంచి మయామీ, 2025 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పేరు. కాబట్టి "వీడియోలో లేదు" అన్నప్పుడు ఆ స్కూల్ ఏ రకం ఆట ఆడుతుందో కూడా కనుక్కోండి.

పోర్టల్, కోచ్

2018లో వచ్చిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టుకుని ఆటగాళ్ళు కాలేజీ మారొచ్చు. 2024లో ఎన్నిసార్లయినా మారి, వెంటనే ఆడే వీలు వచ్చింది. దీంతో హైస్కూల్ క్లాసు ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పడం కుదరదు. 2024లో ఇండియానాకి కొత్త కోచ్‌గా వచ్చిన కర్ట్ సిగ్నెట్టి తన పాత కాలేజీ జేమ్స్ మాడిసన్ నుంచి పది మందికి పైగా ఆటగాళ్ళని వెంట తెచ్చుకున్నాడు. ఏళ్ళ తరబడి ఓడుతూ వచ్చిన టీమ్ ఆ ఏడాది 11 మ్యాచ్‌లు గెలిచింది. ఆ టీమ్ హైస్కూల్ క్లాసు ర్యాంకు చూసి ఎవరూ దాన్ని ఊహించి ఉండరు. కాబట్టి డిసెంబర్‌లో పెన్సిల్‌తో రాసుకోండి, జనవరిలో పోర్టల్ మూసుకున్నాక పెన్‌తో దిద్దండి. పైన చెప్పిన ఖాళీల కాగితం అప్పుడు మళ్ళీ తీయాలి.

కోచ్ కుర్చీ కదిలితే క్లాసు కదులుతుంది. 2025 అక్టోబర్‌లో పెన్ స్టేట్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేసింది. ఆయన వర్జీనియా టెక్‌కి వెళ్ళగానే కుర్రాళ్ళు చాలామంది ఆయన వెంట నడిచారు. డిసెంబర్ సంతకాల రోజున పెన్ స్టేట్‌కి మిగిలింది ఇద్దరే. హెడ్ కోచ్ ఒక్కడే కాదు, కుర్రాణ్ణి అసలు పట్టుకొచ్చింది ఆ పొజిషన్ కోచ్ అయితే అతనెక్కడికి పోతున్నాడో కూడా చూడాలి.

రెండు క్లాసులు

సంతకం రోజు ర్యాంకు ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలియాలంటే రెండు క్లాసులు పక్కపక్కన పెట్టండి.

అలబామా 2017. ఆ ఏడాది నంబర్ వన్. టువా టాగోవైలోవా, నాజీ హ్యారిస్, డెవాంటా స్మిత్, జెర్రీ జూడీ, హెన్రీ రగ్స్, జెడ్రిక్ విల్స్, అలెక్స్ లెదర్‌వుడ్, వీళ్ళతో పాటు మూడు స్టార్ల మ్యాక్ జోన్స్. ఈ ఎనిమిది మందీ డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో పోయారు. చేరిన ఏడాదే జాతీయ టైటిల్, 2020లో ఇంకొకటి.

మా ఎ అండ్ ఎం 2022. రేటింగ్ లెక్కల్లో అప్పటిదాకా ఎవరికీ రానంత పై క్లాసు. మా స్టేడియం కైల్ ఫీల్డ్‌లో లక్ష మంది కూర్చుంటారు, లక్ష మందీ టైటిల్ వచ్చేసిందనుకున్నారు. ఆ సెప్టెంబర్‌లోనే ఆపలాచియన్ స్టేట్ చేతిలో సొంత గడ్డ మీద 17-14తో ఓడాం, సీజన్ 5-7తో ముగిసింది. 2023 నవంబర్‌లో హెడ్ కోచ్ జింబో ఫిషర్‌ని తీసేస్తే ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సింది 7.5 కోట్ల డాలర్లు దాటింది. కుర్రాళ్ళు చెల్లాచెదురయ్యారు. ఇవాన్ స్టీవార్ట్ ఒరెగాన్‌కి, వాల్టర్ నోలెన్ ఓల్ మిస్‌కి (మిసిసిపీ యూనివర్సిటీ), క్వార్టర్‌బ్యాక్ కానర్ వైగ్మన్ హ్యూస్టన్‌కి.

ఆ రేటింగ్ తప్పని మాత్రం నేనను. 2025 డ్రాఫ్ట్‌లో 16వ పేరు వాల్టర్ నోలెన్, 17వ పేరు షెమార్ స్టీవార్ట్. ఒకడు వెళ్ళిపోయాడు, ఒకడు మా దగ్గరే ఉన్నాడు, ఇద్దరూ అదే క్లాసు. షెమార్ మూడు సీజన్లలో తీసిన శాక్‌లు (ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ని బంతితో సహా పడగొట్టడం) అన్నీ కలిపి నాలుగున్నర. వాళ్ళలో సత్తా ఉందన్నది నిజం. దాన్ని మ్యాచ్‌ల్లోకి తేలేకపోయాం, ఉన్నవాళ్ళని నిలుపుకోలేకపోయాం. అలబామాలో జోన్స్ లాంటివాడు టువా వెనక ఏళ్ళ తరబడి ఆగాడు. అప్పుడు పోర్టల్ ఇంకా పసిబిడ్డ అన్నది వేరే విషయం.

కాబట్టి కొత్త క్లాసు గురించి నోరు తెరిచే ముందు ఒక పని చేయండి. మీ టీమ్ మూడేళ్ళ కిందటి క్లాసు పేజీ తెరిచి ఒక్కో పేరు పక్కన రాయండి: ఇంకా ఉన్నాడా, మొదటి పదకొండులో ఆడుతున్నాడా, పోర్టల్‌లో పోయాడా, ఆట మానేశాడా. ఆ కాలేజీ కుర్రాళ్ళని నిలబెట్టుకునే రకమో కాదో అరగంటలో తేలుతుంది. సగం మంది పోయిన చోట కొత్త క్లాసు సగటు రేటింగ్‌ని మీ లెక్కలో కొంత కోసేయండి. ఇది అయ్యాకే ర్యాంకు చూడండి.

జనవరిలో ఇంకో చిన్న పని. హైస్కూల్ డిసెంబర్‌లోనే ముగించుకుని ముందే కాలేజీలో చేరిన ఎర్లీ ఎన్‌రోలీల పేర్లు గుర్తు పెట్టుకోండి. వసంతకాలపు ప్రాక్టీసు అందుకునేది వాళ్ళే, మొదటి ఏడాది మైదానంలో కనబడేవాళ్ళు ఎక్కువగా వాళ్ళలోంచే వస్తారు. మిగిలినవాళ్ళలో చాలామందిని రెడ్‌షర్ట్ చేస్తారు, అంటే నాలుగు మ్యాచ్‌లకు మించి ఆడించకుండా ఆ ఏడాదిని మిగులుస్తారు. లైన్‌మన్ పేరు ఆ జాబితాలో కనబడితే కంగారు పడక్కర్లేదు. మూడు స్టార్ల టాకిల్ (లైన్‌లో చివర ఆడేవాడు) ఒకడు ఆగస్టు డెప్త్ చార్ట్‌లో, అంటే ఎవరి తర్వాత ఎవరు ఆడాలో చెప్పే పట్టికలో, రెండో వరసలోకి ఎక్కితే మాత్రం నాకు చెప్పండి, మా బావమరిదికి ఫార్వర్డ్ చేస్తాను.